గుణుపురం కొండ గూడేలలో కుక్కల శస్త్రచికిత్స శిబిరం: పరికరాల జాబితాకు ముందు

పశువైద్య పట్టా చేతికి వచ్చి ఏడాది తిరగని ముగ్గురు, వారికి తోడుగా అయిదుగురు స్వచ్ఛంద సేవకులు కలిసి, ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురానికి పైన, పుట్టాసింగి వైపు ఉన్న పది సవర గూడేలలో ఒక శని, ఆదివారాలలో శిబిరం పెట్టి, వంద కుక్కలకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయాలనుకుంటున్నామని, అందుకు కావలసిన మందుల, పరికరాల జాబితా ఇవ్వమని మీరు అడిగారు. జాబితా రాయడానికి నాకు పది నిమిషాలు చాలు. అయితే పది గూడేలు, రెండు రోజులు, వంద కుక్కలు అన్న మీ మూడు అంకెలను మార్చకుండా ఆ జాబితా మీ చేతికిస్తే నేను మీకు ఉపకారం చేసినట్టు కాదు. అందువల్ల ముందు ఆ అంకెల సంగతి చెబుతాను.

నేను సాలూరు, పార్వతీపురం, పాలకొండ ప్రాంతాలలో ప్రభుత్వ పశువైద్యుడిగా పని చేసి పదవీ విరమణ పొందినవాడిని. ఉద్యోగంలో ఉండగా సెలవులు పెట్టుకుని, ఆ తరువాత తీరికగా, రాయగడ, గజపతి జిల్లాల శిబిరాలకు వెళ్తూ వచ్చాను. నా మొదటి శిబిరం అచ్చంగా మీరు వేసుకున్న పథకం లాంటిదే. వానాకాలం చివర, రెండు రోజుల్లో నలభై రెండు కుక్కలకు చేశాం. ఆదివారం చీకటి పడేలోగా సామాను సర్దుకుని రాయగడలో రైలెక్కాం. ఆ అంకెను బోగీలో ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయాం కూడా. బుధవారం నాడు ఆ ఊరి సంతలో ఉప్పు, పొగాకు అమ్మే తెలుగు వ్యాపారి ఫోన్ చేసి, "డాక్టరు బాబూ, మూడింటికి కుట్లు ఊడిపోయాయి, ఒకటి పోయింది" అన్నాడు. పోయినది గూడెం చివర ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ కుక్క. బయటికి వచ్చిన పేగులను పాత చీర ముక్కతో కట్టి, మేము మళ్లీ వస్తామన్న నమ్మకంతో ఆమె రెండు రోజులు గడపలోనే కూర్చుని చీమలు దులుపుతూ ఉందట. వారం తరువాత నేను వెళ్లేసరికి నన్ను ఒక్క మాట అనలేదు. కొర్ర చేను వైపు చెయ్యి చూపించి, ఈ ఏడు పందులను ఎవరు తోలుతారని మాత్రం అడిగింది. ఆ తరువాత మూడేళ్ల పాటు ఆ గూడెంలో ఒక్కరు కూడా, రేబీస్ టీకాకైనా, మాకు కుక్కను పట్టి ఇవ్వలేదు.

ఆ కుక్కకు లోపల వేసిన ముడి జారలేదు. తిరిగి వెళ్లినప్పుడు గొయ్యి తవ్వించి చూసి మరీ చెబుతున్న మాట ఇది. అది పుండును నాకడం మొదలుపెట్టిన రెండో రోజున చూసి, మూతికి అడ్డం కట్టే మనిషి అక్కడ లేడు, అంతే. అప్పటి నుంచి నేను శిబిరాన్ని కోతల సంఖ్యతో కాక, చివరి కుక్కకు పుండు మానే రోజుతో లెక్క కడుతున్నాను. వీధికుక్కల జనన నియంత్రణలో పాటించవలసిన పద్ధతి కూడా ఇదే: శస్త్రచికిత్స తరువాత కనీసం నాలుగు రోజులు కుక్కను కనిపెట్టి ఉండి, పుండు మానుతున్నదని చూసుకున్నాకే వదలాలి. శనివారం కోసి ఆదివారం రాత్రికి వెళ్లిపోయే శిబిరం ఈ లెక్కకు ఎలాగూ నిలవదు. మీ ఎనిమిది మందీ వారం రోజులు సెలవు పెట్టనక్కర లేదు. ముగ్గురు వైద్యులు అయిదు రోజులు ఉండి, వారిలో ఒకరు, సేవకుల్లో ఇద్దరు మరో నాలుగు రోజులు ఆగితే సరిపోతుంది. ఆ ముగ్గురు ఎవరో బయలుదేరే ముందే తేల్చుకోండి. శిబిరం అయ్యాక అడిగితే అందరికీ ఇంటి దగ్గర పని ఉంటుంది.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. మీరు దీనిని అడగలేదు గాని, నా దృష్టిలో ఎన్ని కుక్కలన్న దానికంటే ఇదే పెద్ద ప్రశ్న. మన వైపు చిత్తకార్తె కుక్కలని తిట్టుకు వాడుకునే మాటలో జంతుశాస్త్రం ఉంది. కొన్ని ఆడకుక్కలు ఏడాదికి రెండు సార్లు ఎదకు వచ్చినా, ఈ కొండల్లో ఎక్కువ భాగం అక్టోబరులో, చిత్తకార్తెకు కాస్త ముందూ వెనకగా కడతాయి. చూలు సుమారు 63 రోజులు కాబట్టి డిసెంబరు రెండో సగంలో ఈనుతాయి. పిల్లలు పాలు మానేసరికి ఫిబ్రవరి మూడో వారం అవుతుంది. అక్టోబరు, నవంబరులలో వెళితే బల్ల మీద చూలు కుక్కలు, ఎదలో ఉండి రక్తనాళాలు ఉబ్బిన కుక్కలే ఎక్కువ పడతాయి. జనవరిలో వెళితే పాలిచ్చే తల్లులు పడతాయి. తల్లిని తెచ్చి నాలుగు రోజులు కట్టేస్తే ఎక్కడో గడ్డివాము కింద పిల్లలు చస్తాయి. ఏప్రిల్, మే నెలల ఎండలో మత్తులో ఉన్న కుక్క ఒళ్లు కాలిపోతుంది. వానాకాలం సంగతి నా మొదటి శిబిరమే చెప్పింది. మిగిలేది మాఘం చివర మొదలై ఫాల్గుణం సగం దాకా ఉండే మూడు వారాలు. ఆ పైన ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. తెల్లవారక ముందే ఊరు ఊరంతా బుట్టలు పట్టుకుని అడవికి పోతుంది, కుక్కలు వారి వెంటే పోతాయి, మీరు వలలు పట్టుకుని ఖాళీ గూడెంలో నిలబడతారు. ఒకసారి మాకు ఈ అనుభవం కూడా అయింది.

డిసెంబరులో పుట్టిన ఆడ కుక్కపిల్లలు ఆ ఫాల్గుణానికి రెండున్నర నెలలవే కాబట్టి వాటిని ముట్టుకోకూడదు; 2023 నాటి కుక్కల జనన నియంత్రణ నిబంధనలు ఆరు నెలలు నిండని పిల్లలకు ఈ శస్త్రచికిత్సను ఒప్పుకోవు. అవి సెప్టెంబరుకు తొమ్మిది నెలలవి అవుతాయి, అక్టోబరులో మొదటిసారి కడతాయి. అందుచేత వినాయక చవితి వెళ్లాక, వాన తెరిపి ఇచ్చిన వారం చూసుకుని, అదే గూడేలకు చిన్న జట్టుతో రెండోసారి వెళ్లి, పైకప్పు గట్టిగా ఉన్న చోట ఆ లేత వాటికి మాత్రం చేయాలి. తడి కాలంలో పుండు త్వరగా మానదని నాకు తెలియక కాదు. అయితే పది, పన్నెండు కుక్కలను పొడి చోట కట్టి చూసుకోవడం సాధ్యమే, నలభైని చూసుకోవడం సాధ్యం కాదు. ఈ రెండో ప్రయాణం లేకపోతే ఫాల్గుణంలో మీరు చేసిన పనిని ఆ పిల్లలే ఏడాదిలో పూడ్చేస్తాయి.

గూడేల సంఖ్యను పది నుంచి మూడుకు తగ్గించమనడానికి కారణం సులభంగానే తెలుస్తుంది. పది గూడేలలో వంద అంటే గూడేనికి పది, హడావుడిలో చేతికి చిక్కేవి ఎక్కువగా మగవే. అక్కడ మిగిలిన ఆడకుక్కలు ఈని, ఎప్పుడూ ఉండేటంత తిండి ఉన్నందున పిల్లలు ఎక్కువగా బతికి, రెండేళ్లలో సంఖ్య మళ్లీ మొదటికి వస్తుంది. కొండ గూడెం ఒక విధంగా మనకు అనుకూలమైన చోటు: పట్టణపు వీధిలా నాలుగు దిక్కుల నుంచి కొత్త కుక్కలు వచ్చి చేరవు, దాదాపు ప్రతి కుక్కా ఎవరో ఒకరి అరుగు మీద పడుకుంటుంది. నేను తిరిగిన చోట్ల నలభై గడపల గూడెంలో ఇరవై నుంచి ముప్పై కుక్కలు కనిపించేవి, ఆడవి వాటిలో మూడో వంతుకు మించేవి కావు; ఈనిన కుక్కల ఆడపిల్లలను సంత రోజున దూరంగా వదిలేయడం, లేదా గమనించకుండా చావనివ్వడం అందుకు కారణం. అంటే మూడు గూడేలలో ఆడకుక్కలు ఇరవై అయిదు దాకా ఉంటాయి. వాటిని ఒక్కటి కూడా మిగలకుండా చేయడం మీ ముగ్గురికి మూడు రోజుల పని. మగకుక్కలకు చేయవద్దని అనను, కాని చేతికి సులభంగా దొరికేవి మగవి కాబట్టి లెక్క పెంచుకోవడానికి వాటి మీద మందు ఖర్చు చేసే ఆశ పుడుతుంది. ఊళ్లో ఒక్క మగకుక్క మిగిలినా ఆడవన్నీ కడతాయి. రేబీస్ టీకా విషయం వేరు. మూడు నెలలు దాటిన ప్రతి కుక్కకు, ఆడా మగా చూడకుండా వేయాలి. కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే ఆ ఊళ్లో రేబీస్ గొలుసు తెగుతుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను 2030 నాటికి లేకుండా చేయాలని కేంద్రం 2021 సెప్టెంబరు 28న ప్రకటించిన కార్యాచరణ ప్రణాళిక కూడా దీని మీదే నిలిచింది. మూడు గూడేలలో నిజంగా 70 శాతం దాటించగలరు, పదింటిలో దాటించలేరు.

అనుమతుల మాట క్లుప్తంగా చెబుతాను. 2001 నాటి కుక్కల జనన నియంత్రణ నిబంధనల స్థానంలో 2023 మార్చి 10న కొత్త నిబంధనలు వచ్చాయి. యజమాని లేని ఊరకుక్కలను పట్టి శస్త్రచికిత్స చేసే కార్యక్రమాన్ని భారత జంతు సంక్షేమ మండలి ప్రాజెక్టు గుర్తింపు పొందిన సంస్థ మాత్రమే, స్థానిక సంస్థ బాధ్యత మీద చేయాలి. మీరు ఎనిమిది మంది స్నేహితులు, సంస్థ కాదు. కాబట్టి అలాంటి గుర్తింపు ఉన్న ఒక సంస్థ కింద వెళ్లండి. యజమానులు తమ ఇష్టంతో తెచ్చి, కాగితం మీద వేలిముద్ర వేసి ఇచ్చిన కుక్కల సంగతి వేరే అయినా, గూడెంలో ఈ రెంటికీ మధ్య గీత సన్నం. మీ రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ పశువైద్య మండలిది కనుక ఒడిశా మండలికి ముందే రాసి, జవాబును వెంట ఉంచుకోండి. జిల్లా ముఖ్య పశువైద్యాధికారిని, బ్లాకు పశువైద్యుడిని నెల ముందే కలవండి. ముఖ్యంగా ఆ ప్రాంతపు లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరును మంచి చేసుకోండి, ఎందుకంటే మీరు వెళ్లిపోయాక కుట్టు వాచిందని ఎవరైనా పరుగెత్తేది ఆయన దగ్గరికే. మత్తుకు వాడే కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి ఆంక్షలున్నది. దానిని చీటీ మీద, మీ పేరిట కొని, సరిహద్దు దాటేటప్పుడు బిల్లుతో, వాడకపు పుస్తకంతో, తాళం వేసిన పెట్టెలో తీసుకెళ్లాలి. గేటు దగ్గర పోలీసు పెట్టె తెరవమంటే మీ వంద సూదుల మధ్య అదొక్కటే ప్రశ్న అవుతుంది. ఇక శిబిరానికి బడి ఆవరణ అడగకండి. సెలవు రోజైనా అది పిల్లలు తిరిగే చోటు. పైగా 2025 నవంబరు 7 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు తరువాత, బడులు, ఆసుపత్రుల వంటి చోట్ల పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలకూడదు. సంత రేకుల షెడ్డు వారంలో ఆరు రోజులు ఖాళీగా ఉంటుంది, నీళ్ల బోరు పక్కనే ఉంటుంది. నేను ఎప్పుడూ దానినే అడుగుతాను.

గూడెంలో మాట మొదలుపెట్టే తీరు గురించి మీరు ఏమీ రాయలేదు. గుణుపురం, కాశీనగరం బజార్లలో తెలుగుతో పని గడుస్తుంది, కొండ ఎక్కాక గడవదు. మీ తెలుగును ఒకరు ఒడియాలోకి, దానిని మరొకరు సవరలోకి మారుస్తుంటే మధ్యలో 'నొప్పి ఉండదు' అన్నది 'ఏమీ కాదు' అని మారిపోతుంది. తరువాత కుక్క మూలిగితే మీరు అబద్ధం చెప్పినట్టు. సంతలో వ్యాపారం చేసే తెలుగువారిలో సవర ధారాళంగా వచ్చిన వారు ఉంటారు, ఒకరిని వెంట తీసుకెళ్లండి. ముందుగా ఊరి పెద్ద అయిన గమాంగ్ దగ్గర, తరువాత పూజలు చేసే బుయ్య దగ్గర కూర్చోండి, సర్పంచి సంతకం ఆ పైన. కుటుంబ నియంత్రణ అనే మాటను దగ్గరికి కూడా రానివ్వకండి. మనుషులకు చేసే ఆపరేషన్ల గురించి కొండల్లో పాత భయాలు ఉన్నాయి, సూదులు, పెట్టెలతో వచ్చిన ఎనిమిది మంది కొత్తవారి మీద ఆ అనుమానం పడితే సాయంత్రానికి గూడెం తలుపులు మూసుకుంటుంది. గిత్తకు విత్తులు నొక్కి ఎద్దును చేయడం వారికి తెలిసిన పని. అక్కడి నుంచే మొదలుపెట్టండి. వెంటనే వచ్చే ప్రశ్న కూడా అక్కడిదే: ఎద్దు మెత్తబడినట్టు కుక్కా మెత్తబడితే చేనును ఎవరు కాస్తారు, పందిని ఎవరు తోలుతారు? ఇది అమాయకపు ప్రశ్న కాదు, వారి ఏడాది తిండికి సంబంధించినది. ఆడకుక్క కాపలా గుణం అండాశయాలతో పోదని, ఎదకు రాకపోతే నెల పాటు పదిహేను మగకుక్కలు ఇంటి చుట్టూ కొట్లాడవని, పిల్లలకు పాలిచ్చి బక్కచిక్కదు గనుక మునుపటికంటే బలంగా మొరుగుతుందని చెప్పండి. అంతకంటే మేలైనది, చేయించిన కుక్క ఉన్న పక్క గూడెం మనిషిని తీసుకొచ్చి అతని చేత చెప్పించడం. వేటకు తిప్పే మగకుక్కను ఇవ్వనంటే ఒత్తిడి చేయకండి, టీకా వేసి వదిలేయండి.

పట్టడానికి వల తప్పకుండా ఉండాలి, కాని వల విసిరిన మొదటి కుక్క అరుపుకు మిగిలినవి కొండెక్కుతాయి. ముందు సాయంత్రమే ఇంటివారి చేత తాడుతో కట్టించి, రాత్రి తిండి పెట్టకుండా, తెల్లవారే దాకా నీళ్లు మాత్రం ఉంచి, ఉదయం వారి చేతనే నడిపించుకుని రండి. తాడు ఎవరి చేతిలో ఉందో వారు షెడ్డు దాకా వచ్చి, కుక్కకు మత్తు ఎక్కే వరకు దాని తల దగ్గరే కూర్చోవాలి. భయపడిన కుక్కకు మందు సరిగా పట్టదు, రెండో సూది వేయవలసి వస్తుంది, ఆ రెండో సూదితోనే ప్రమాదం మొదలవుతుంది. కంటి అంచనాతో బరువు చెప్పకండి. ధాన్యం తూచే వేలాడే కాటాకు గోనెసంచి కట్టి తూస్తే, మీరు పదహారు కిలోలనుకున్నది పదకొండు ఉంటుంది, ఎందుకంటే కొండకుక్క కాళ్లు పొడవు, ఒంట్లో కండ తక్కువ. ముందు మత్తెక్కించే జైలజీన్ కిలోకు 1 మిల్లీగ్రాము, కొంతసేపాగి కెటమిన్ కిలోకు 5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టి, నరంలో గొట్టం ఉంచి, చాలనప్పుడు కొద్దికొద్దిగా పెంచడం నా అలవాటు. కెటమిన్ మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల సీసా, 50 మిల్లీగ్రాముల సీసా రెండూ దొరుకుతాయి. శిబిరానికి ఒకే రకం కొనండి, రెండు రకాలు ఒకే పెట్టెలో ఉండకూడదు. నొప్పికి మెలాక్సికామ్ కిలోకు 0.2 మిల్లీగ్రాములు కోతకు ముందే వేస్తే కుక్క లేచాక పుండు జోలికి తక్కువ పోతుంది. ఒంట్లో నీరు తగ్గిన దానికి ముందు సెలైన్ ఎక్కించండి.

బల్ల ఎక్కించకూడని కుక్కను గుర్తుపట్టడమే మీ ముగ్గురిలో అందరికంటే నెమ్మదస్తుడు చేయవలసిన పని. చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. చిగురు పాలిపోయి, కడుపు చర్మం మీద ఎర్రటి చుక్కలు, చెవుల్లో పిడుదులు గుత్తులుగా ఉంటే అది పిడుదు జ్వరం. రక్తం గడ్డకట్టే కణాలు తగ్గిపోయి ఉంటాయి, మీరు కోసిన ప్రతి చోటా రక్తం ఊరుతూనే ఉంటుంది. జ్వరం 103 డిగ్రీలు దాటినా అంతే. అలాంటి దానికి టీకా కూడా ఆ రోజు వద్దు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టించి సెప్టెంబరు జాబితాలో రాసుకోండి. ఇంకొకటి: వెనక నుంచి రక్తం చుక్కలు పడుతున్న ఆడకుక్కలన్నీ ఎదలో ఉన్నట్టు కాదు. చేతి తొడుగు వేసుకుని వేలితో చూడండి. కోసిన కాలీఫ్లవరులా ముద్ద తగిలితే అది జతకట్టడం వల్ల అంటుకునే కణితి. దానికి వారం వారం విన్‌క్రిస్టీన్ ఎక్కించాలి, శిబిరంలో తీరేది కాదు, బ్లాకు పశువైద్యుడికి అప్పగించవలసినది.

కోత గురించి మీకు కళాశాలలో చెప్పినదానికి నేను కలపగలిగినది తక్కువే. చూలు లేని కుక్కకు పక్క నుంచి, డొక్కలో చిన్న కోత పెట్టి చేయడం నాకు ఇష్టం. దాని వల్ల పేగుల బరువు కుట్టు మీద పడదు, కుక్క దగ్గరికి రానివ్వకపోయినా పది అడుగుల దూరం నుంచి పుండు ఎలా ఉందో కనిపిస్తుంది. చూలుదానికి, గర్భసంచిలో చీము పట్టినదానికి మధ్య గీత మీదే కోయాలి. అండాశయపు కాడ ముడి జారడం కొత్తవారికి వచ్చే మొదటి ప్రమాదం. ముడి వేశాక పట్టుకారును ఒక్కసారిగా వదలకుండా, కాడను అలాగే పట్టుకుని సగం వదిలి, రక్తం లేదని చూసి, అప్పుడు లోపలికి జారనివ్వండి. చర్మానికి బయట కుట్లు వేయకుండా, కరిగే దారంతో చర్మం లోపలి వైపు కుట్టండి. పదో రోజున కుట్లు విప్పడానికి ఆ కొండ ఎక్కేవారు ఎవరూ ఉండరు. మత్తులో ఉండగానే చెవి కొసను గుర్తుగా కత్తిరించండి. ఇంటి కుక్కకు చెవి ఎందుకని కొందరు బాధపడతారు, కాని వచ్చే ఏడు మరో జట్టు దాని పొట్ట మళ్లీ కోయకుండా కాపాడేది ఆ గుర్తే. మొదటి రోజు మనిషికి నాలుగు చాలు, తరువాత ఆరుకు పొండి. పరికరాలు ఉడికించడానికి 15 పౌండ్ల ఒత్తిడి నిలిపే పెద్ద ప్రెషర్ కుక్కరు, గ్యాసు పొయ్యి సరిపోతాయి, ప్రతి కుక్కకు విడిగా ఒక పరికరాల పళ్లెం ఉండాలి. ఇంత చిన్న లెక్కకు ఎనిమిది పళ్లేలుంటే పని ఆగదు.

కొండ మీద ఫాల్గుణపు ఉదయం చలిగానే ఉంటుంది. మత్తులో ఉన్న కుక్క వణకలేదు, తడిపి గొరిగిన పొట్ట నుంచి వేడి పోతూనే ఉంటుంది. కోత బాగా జరిగి, రక్తం పోకుండా, మధ్యాహ్నానికి మెల్లగా చల్లబడిపోయిన కుక్కలను నేను చూశాను. షెడ్డులో వరిగడ్డి మందంగా పరిచి, మద్యం, మంచినీళ్ల ఖాళీ సీసాలలో వేడి నీళ్లు పోసి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. గుడ్డ లేకుండా పెడితే చర్మం కాలుతుంది. గంటకొకసారి పక్క మార్చే పని ఒక సేవకుడికి అప్పగించి, ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకండి. మా శిబిరాలలో ఆ పని చేసిన వారికి కుక్కల గురించి ముందు ఏమీ తెలియదు, కాని ఏ కుక్క మూతి చల్లబడిందో వైద్యుడికంటే ముందు వారే కేక వేసేవారు.

ఆ తరువాతి నాలుగు రోజులే అసలు శిబిరం. యజమాని ఉన్న కుక్కను మరునాడు ఇంటికి పంపవచ్చు, కాని అరుగు మీద కట్టి ఉంచుతామని, మొదటి రాత్రి గంజి తప్ప ఏమీ పెట్టబోమని ఒప్పించాకే. ఎవరి అరుగూ లేనివి షెడ్డులోనే వెదురు దడి కట్టిన గదుల్లో ఉండాలి. వెనక ఆగిన వైద్యుడు పొద్దున ఒకసారి, దీపాలవేళ ఒకసారి ప్రతి ఇంటికీ వెళ్లి చూడాలి: పుండు అంచులు అంటుకున్నాయా, తడి ఉందా, వాసన ఉందా, ఈగ గుడ్లు తెల్లగా కనిపిస్తున్నాయా, కుక్క తిన్నదా. నాకే కుక్కకు ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసి మెడకు తొడగండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి, వాళ్లే అది ఊడిందని మీకు పరుగెత్తుకుంటూ వచ్చి చెబుతారు. మూడో రోజున పుండు కింద మెత్తటి వాపు కనిపిస్తే నీరో, లోపలి కండ విడిపోయి కొవ్వు బయటికి వస్తున్నదో వేలితో నొక్కి తేల్చుకోవాలి. రెండోదైతే వెంటనే మళ్లీ బల్ల ఎక్కించాలి. అందువల్ల ఒక పళ్లెం, రెండు కుక్కలకు సరిపడే మత్తు, దారం తాళం వేసి వెనక ఉంచకుండా మిగిలినవారు దిగిపోకూడదు.

తీసేసిన గర్భసంచులను ఊరి బయట పారేస్తే ఆ రాత్రే కుక్కలు, నక్కలు తవ్వి ఊళ్లోకి తెస్తాయి. రెండు మీటర్ల గొయ్యి ముందే తవ్వించి, సున్నం వేసి, పైన మట్టి గట్టిగా కొట్టించండి. సూదులను, కత్తులను గుచ్చుకోని డబ్బాలో వెనక్కి తెచ్చి ఆసుపత్రి వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి. మీ ఎనిమిది మందీ, వంట మనిషి, వలలు పట్టే కుర్రవాళ్లు సహా, ముందుగా 0, 7, 21 రోజులలో రేబీస్ టీకాలు వేయించుకుని ఉండాలి, అంటే శిబిరానికి నెల ముందే మొదలుపెట్టాలి. అయినా కరిస్తే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ముందు టీకాలు వేసుకున్నామని చెప్పి మళ్లీ సూదులకు వెళ్లాలి. దోమతెరలు మరిచిపోకండి, ఆ కొండల మలేరియా కుర్రవాళ్లను కూడా పడగొడుతుంది.

పరికరాల జాబితాను ఇప్పుడే రాయకపోవడానికి కారణం ఒక్కటే, కుక్కలెన్నో మీకూ నాకూ తెలియదు. ఈ పుష్యంలో, ఆడకుక్కలు ఈని పిల్లలతో ఉన్నప్పుడు, మీలో ఇద్దరు ఆ పది గూడేలలో మీకు మాట కలిసే మూడింటిని ఎంచుకుని, తెల్లవారుజామున ఒకసారి, మరునాడు ఒకసారి, వీధి వీధీ నడిచి లెక్కపెట్టండి. ఏ అరుగు మీద ఏ రంగు కుక్క, ఆడదా మగదా, పాలిస్తున్నదా, తాడుకు వస్తుందా, ఎవరి పిలుపుకు తోక ఊపుతుంది అన్నంత వరకు నోటు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం పేజీలు ఫొటో తీసి పంపితే మందులు, దారం, పళ్లేలు ఎన్ని కావాలో నేను లెక్క కట్టి పంపుతాను. ఫాల్గుణంలో మోకాళ్లు సహకరిస్తే చివరి నాలుగు రోజులు వెనక ఆగే ముగ్గురిలో ఒకడిగా నన్నూ రాసుకోండి.